పింగ్ అంటే ఏమిటి? తరచుగా అడిగే ప్రశ్నలు

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో "పింగ్ వస్తోందా?" అని అడుగుతారు. మాదాపూర్ ఆఫీసులో "లంచ్ అయ్యాక ఒకసారి పింగ్ చేయండి" అంటారు. ఇంట్లో ఆట మధ్యలో ఉన్న పిల్లాడు "పింగ్ పెరిగిపోయింది, వైఫై ఎవరు వాడుతున్నారు?" అని అరుస్తాడు. విమానం గల్లంతైన వార్తలో "సముద్రం అడుగు నుంచి పింగ్‌లు వినిపించాయి" అని చదువుతాం. నేను నెట్‌వర్కింగ్ పాఠాలు చెప్పే పనిలో ఉన్నాను. క్లాసులో పిల్లలు, బయట వాళ్ల అమ్మానాన్నలు, ఆఫీసు స్నేహితులు ఈ మాట గురించి పదే పదే అడిగేవి ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ఒక్క ముక్కలో చెప్పండి, పింగ్ అంటే ఏంటి?

లోహానికి గట్టి వస్తువేదో తగిలినప్పుడు వచ్చే పొట్టి, సన్నని మోత. మనకు ఖంగు, ఠంగు, టింగు ఉన్నట్టే ఇంగ్లీషువాళ్లకు పింగ్. 19వ శతాబ్దంలో తుపాకి గుండు దూసుకుపోయే చప్పుడుకు ఈ మాట రాసేవారు. ఆ తర్వాత దీని అర్థాలు రెండు దారుల్లో నడిచాయి. ఒకటి అచ్చంగా శబ్దం దారి: బల్ల మీద బంతి, ఇంజిన్‌లో మోత, గోల్ఫ్ కర్ర. రెండోది పిలుపు దారి: "ఉన్నావా?" అని ఒక చిన్న కూత పంపి, "ఉన్నా" అనే బదులు కోసం ఆగడం. సోనార్ (నీళ్లలో శబ్దం పంపి వస్తువుల్ని వెతికే పద్ధతి), కంప్యూటర్ నెట్‌వర్క్, ఆఫీసు చాట్ అన్నీ ఈ రెండో దారిలోవే.

గోల్కొండ కోటలో గైడు దిగువన గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్ దగ్గర వినిపిస్తుంది కదా. అక్కడితో ఆగితే అది ఒంటిదారి కబురు. పైనున్న మనిషి తిరిగి చప్పట్లు కొట్టాలి, అది కిందికి వినిపించాలి, మధ్యలో ఎంతసేపు పట్టిందో కిందివాడు లెక్కపెట్టుకోవాలి. అప్పుడది పింగ్. ఈ మాట ఎక్కడ తగిలినా ముందు "ఇది బదులు కోరే పింగా, కాదా?" అని చూసుకోండి. సగం అయోమయం అక్కడే తీరుతుంది.

సబ్‌మెరీన్ సినిమాల్లో వినిపించే ఆ మోత నిజమేనా?

నిజమే. ఓడ నీళ్లలోకి ఒక శబ్ద తరంగాన్ని వదులుతుంది. అది దేనికైనా తగిలితే వెనక్కి వస్తుంది. నీళ్లలో శబ్దం సెకనుకు దాదాపు 1500 మీటర్లు వెళ్తుంది, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైనే. పంపిన 4 సెకన్లకు ప్రతిధ్వని వస్తే, పోవడానికి 2, రావడానికి 2 అనుకుని, ఎదుటి వస్తువు 3 కిలోమీటర్ల దూరంలో ఉందని తేలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు ఓడల్ని ముంచుతుంటే, ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాల్ లాంజెవిన్ క్వార్ట్‌జ్ స్ఫటికాలకు విద్యుత్ ఇచ్చి నీళ్లలో అతిధ్వనులు పుట్టించి ఈ విద్యకు పునాది వేశాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి బ్రిటిష్, అమెరికన్ ఓడల మీద హెడ్‌ఫోన్లు పెట్టుకున్న నావికులు ఆ మోతనూ దాని ప్రతిధ్వనినీ వింటూ గంటలు గంటలు కూర్చునేవారు. వాళ్ల నోట్లోంచే పింగ్ అనే మాటకు "కూత పంపి వెతకడం" అనే అర్థం స్థిరపడింది.

సినిమాలు ఒక విషయంలో మాత్రం తప్పుదారి పట్టిస్తాయి. జలాంతర్గామి అస్తమానం పింగ్ చేస్తూ తిరగదు. పింగ్ చేసిందంటే "నేనిక్కడున్నాను" అని తన చిరునామా తానే చెప్పుకున్నట్టు. అందుకే ఎక్కువసేపు నోరు మూసుకుని, చుట్టుపక్కల ఓడల మోత వింటుంది. దాన్ని పాసివ్ సోనార్ అంటారు. విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలబెట్టిన ఐఎన్‌ఎస్ కుర్సురా లోపలికి పిల్లల్ని తీసుకెళ్లండి. ఆ ఇరుకు గదుల్లో నడిస్తే, నీటి కింద బతికేవాళ్లకు వినికిడే చూపు ఎందుకైందో ఏ పాఠం కంటే బాగా అర్థమవుతుంది. విశాఖలోని నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ రూపొందించగా మన హైదరాబాద్ సంస్థ భారత్ డైనమిక్స్ తయారుచేస్తున్న వరుణాస్త్ర టార్పెడో కూడా లక్ష్యాన్ని శబ్దంతోనే వెతుక్కుంటుంది.

హైదరాబాద్‌కు సముద్రమే లేదు. ఇక్కడ సముద్రపు పింగ్‌లతో ఎవరికి పని?

ఈ ప్రశ్న అడిగినవాళ్లకు నేను ప్రగతినగర్ దారి చూపిస్తాను. అక్కడ ఇన్‌కాయిస్ ఉంది, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత, 2007 అక్టోబర్‌లో దేశానికి సునామీ హెచ్చరికల కేంద్రం అక్కడే మొదలైంది. కెరటం కూడా కనిపించని నగరంలో కూర్చుని, రాత్రీ పగలూ సముద్రాన్ని కాపలా కాస్తారు.

అది పనిచేసే తీరు చూడండి. సముద్రం అడుగున నీటి ఒత్తిడి కొలిచే పరికరం ఉంటుంది. సునామీ అలకు నడిసముద్రంలో ఎత్తు చాలా తక్కువ, ఓడలో ఉన్నవాళ్లకు తెలియను కూడా తెలియదు. కానీ నీటి మట్టంలో సెంటీమీటర్లలో వచ్చే తేడాను సైతం ఈ పరికరం ఒత్తిడి ద్వారా పట్టేస్తుంది. పట్టాక పైకి చెప్పేదెలా? రేడియో తరంగాలు ఉప్పునీళ్లలో ఎంతో దూరం పోలేవు. అందుకని శబ్దంలోనే సమాచారం కూర్చి, పైన తేలే బోయాకు వినిపిస్తుంది. బోయా దాన్ని ఉపగ్రహానికి, ఉపగ్రహం నేలకు అందిస్తాయి. అడుగు నుంచి మొదలైన ఆ కూతలు కాసేపట్లో ప్రగతినగర్ తెర మీద అంకెలై కనిపిస్తాయి. కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో రోజూ ఆ పక్కగా వెళ్లేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదని నాకు బాధ. స్కూళ్లవాళ్లు పిల్లల్ని బిర్లా ప్లానిటేరియానికి తీసుకెళ్తారు, మంచిదే. ఈ కేంద్రం గురించి కూడా ఒక్క పాఠమైనా చెప్పాలి.

కంప్యూటర్‌లోకి ఈ మాట ఎలా వచ్చింది?

ఒక మనిషి ద్వారా, ఒక సాయంత్రం పనిలో. 1983 డిసెంబర్‌లో అమెరికా సైన్యానికి చెందిన బాలిస్టిక్ రీసెర్చ్ లేబొరేటరీలో మైక్ మూస్ అనే ప్రోగ్రామర్ పనిచేసేవాడు. నెట్‌వర్క్ ఏదో వింతగా ప్రవర్తిస్తుంటే, అవతలి కంప్యూటర్ దాకా దారి ఉందో లేదో చూడడానికి చిన్న ప్రోగ్రాం రాశాడు. దాని పని "ఎకో రిక్వెస్ట్" అనే పొట్టి సందేశం పంపడం, "ఎకో రిప్లై" వచ్చేదాకా కాలం కొలవడం. ఈ సందేశాలు ఐసీఎంపీ అనే నియమావళిలో 1981 నుంచే రాసి ఉన్నాయి. వాటిని వాడుకునే తేలికైన పనిముట్టు ఇచ్చింది మూస్. కాలేజీ రోజుల్లో సోనార్, రాడార్ మీద పనిచేసిన అనుభవం ఉండడంతో ఆ మోత పేరే దీనికి పెట్టాడు. ఈ ఒక్క ప్రోగ్రామే తనకు ఇంత పేరు తెస్తుందని ముందే తెలిస్తే ఇంకో రోజో రెండు రోజులో కూర్చుని మరికొన్ని సదుపాయాలు చేర్చేవాణ్ణని తర్వాత రాసుకున్నాడు. 2000 నవంబర్‌లో కారు ప్రమాదంలో చనిపోయాడు. అతను రాసిన ఆ చిన్న కమాండు మాత్రం ఇవాళ విండోస్, లైనక్స్, మ్యాక్ అన్నిటిలోనూ ఉంది.

మూస్ చెప్పిన ఒక సంగతి నాకు మహా ఇష్టం. ఒక నెట్‌వర్క్ నిర్వాహకుడికి ఎక్కడో కేబుల్ వదులై కనెక్షన్ వచ్చి పోతూ ఉండేది. ఎక్కడో దొరకదు. అతను పింగ్ ప్రోగ్రాంను మాటలు పలికే ప్రోగ్రాంకు కలిపి, ఆఫీసు స్టీరియోకు తగిలించి, శబ్దం పెంచాడు. బదులు వచ్చినప్పుడల్లా కంప్యూటర్ "పింగ్, పింగ్" అని అరుస్తూంటే, అతను భవనమంతా తిరుగుతూ ఒక్కో కేబుల్ కొసనూ కదిపి చూశాడు. అరుపు ఎక్కడ ఆగిందో అక్కడే తప్పు! శబ్దం నుంచి పుట్టిన పేరు ఇలా తిరిగి శబ్దమై పనిచేసింది.

ఇంటర్వ్యూలో పింగ్ ఫుల్ ఫామ్ అడిగితే ఏం చెప్పాలి?

"ప్యాకెట్ ఇంటర్నెట్ గ్రోపర్" అని చాలా నోట్స్‌లో ఉంటుంది, ఇంటర్వ్యూ చేసేవాళ్లలో కొందరు అదే ఆశిస్తారు. అది తర్వాత డేవ్ మిల్స్ అనే మరో ఇంటర్నెట్ ఇంజినీరు అల్లిన విస్తరణ. పేరు పెట్టినవాడు సోనార్ మోత అనే చెప్పాడు. నా సలహా ఏంటంటే రెండూ చెప్పండి: "అసలు పేరు సోనార్ శబ్దం నుంచి వచ్చింది సార్, ఈ ఫుల్ ఫామ్ తర్వాత చేర్చారు." ఇలా చెప్పిన విద్యార్థికి మార్కు పోదు, పైగా ఎదుటివాళ్లకు గుర్తుండిపోతాడు.

పింగ్ ఎలా చేయాలి? వచ్చిన జవాబును ఎలా చదవాలి?

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ అని ఇంగ్లీషులో టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, చిరునామా ఇవ్వండి. విండోస్ నాలుగుసార్లు పంపి ఆగుతుంది. లైనక్స్ మీరు కంట్రోల్, సీ కలిపి నొక్కేదాకా పంపుతూనే ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లు ఇది తెలియక, సిస్టమ్ పాడైందనుకుని టెన్షన్ పడతారు.

ఇంట్లో నెట్ పోయినప్పుడు దగ్గర నుంచి దూరానికి వెళ్లండి. ముందు 127.0.0.1, ఇది మీ కంప్యూటరే. తర్వాత మీ రౌటర్, చాలా ఇళ్లలో 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది. ఆ తర్వాత బయట ఎప్పుడూ బదులిచ్చే 8.8.8.8, ఇది గూగుల్‌ది. చివరికి ఏదైనా వెబ్‌సైట్ పేరు. రౌటర్ దాకా వచ్చి 8.8.8.8 రాకపోతే కనెక్షన్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేయండి. 8.8.8.8 వచ్చి పేరు రాకపోతే లోపం డీఎన్‌ఎస్‌లో, అంటే పేర్లను అంకెల చిరునామాలుగా మార్చే చోట. ఇలా చూసి చెప్తే కస్టమర్ కేర్ వాళ్లు కూడా "రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి" దగ్గర ఆగిపోకుండా ముందుకు వస్తారు.

జవాబులో టైమ్ అనేది పోయి రావడానికి పట్టిన మిల్లీసెకన్లు. టీటీఎల్ అనేది దారిలో ఒక్కో రౌటర్ దాటినప్పుడు ఒకటి తగ్గుతూ వచ్చే అంకె. లైనక్స్ సాధారణంగా 64 నుంచి, విండోస్ 128 నుంచి మొదలుపెడతాయి. 117 కనిపించిందంటే బహుశా 128తో బయల్దేరి 11 రౌటర్లు దాటి వచ్చిందని అర్థం. సున్నా అయితే ఆ ప్యాకెట్‌ను, అంటే నెట్‌వర్క్‌లో వెళ్లే ఆ చిన్న సందేశపు మూటను, మధ్యలోనే పారేస్తారు, లేకపోతే దారి తప్పినవి నెట్‌వర్క్‌లో అలా తిరుగుతూనే ఉంటాయి.

ఒక్కచోట జాగ్రత్త. "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అంటే బదులు రాలేదని. "డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్" అంటే దారే లేదని ఎవరో చెప్పారని. ఈ రెండోదాన్ని విండోస్ "రిప్లై ఫ్రమ్" అని మొదలుపెట్టి చూపించి, చివర్లో లాస్ సున్నా శాతం అని కూడా రాస్తుంది. కింది లైను మాత్రమే చూసి "పింగ్ వస్తోంది సార్" అనేవాళ్లను నేను చాలామందిని చూశాను. రిప్లై ఏ చిరునామా నుంచి వచ్చిందో చదవండి. చాలాసార్లు అది మీ కంప్యూటర్ చిరునామానే అయి ఉంటుంది.

వెబ్‌సైట్ చక్కగా తెరుచుకుంటోంది, పింగ్ మాత్రం రావడం లేదు. ఎందుకు?

పింగ్‌కు జవాబు ఇవ్వొద్దని అవతలివాళ్లు ఫైర్‌వాల్‌లో, అంటే రాకపోకలను వడకట్టే కాపలాలో, పెట్టారు కాబట్టి. బ్రౌజర్ వెళ్లే ద్వారం వేరు, పింగ్ వెళ్లే ద్వారం వేరు. ఒకటి తెరిచి రెండోది మూయవచ్చు.

క్లౌడ్ కోర్సు మొదలుపెట్టినవాళ్లందరూ ఇక్కడ ఆగిపోతారు. అమెజాన్‌లో కొత్త సర్వర్ పెడతారు, ఉత్సాహంగా పింగ్ చేస్తారు, ఏమీ రాదు. సర్వర్ తీసేసి మళ్లీ పెడతారు, మళ్లీ అదే. సర్వర్‌కు ఏ జబ్బూ లేదు. బయటి నుంచి ఏది రావాలన్నా సెక్యూరిటీ గ్రూప్‌లో, అంటే అమెజాన్ ఇచ్చే ఫైర్‌వాల్‌లో, మీరే అనుమతి ఇవ్వాలి. ఐసీఎంపీ ఎకో రిక్వెస్ట్ కోసం ఒక రూల్ కలపండి, వెంటనే వస్తుంది. పక్క టేబుల్ మీద విండోస్ ల్యాప్‌టాప్ కూడా పబ్లిక్ నెట్‌వర్క్ అని పెట్టుకుంటే పింగ్‌కు పలకదు.

ఈ రంగంలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పే మాట ఇది: బదులు వచ్చిందంటే అవతల ఎవరో ఉన్నట్టు ఖాయం. బదులు రాలేదంటే లేరని ఖాయం కాదు. ప్యాకెట్ పోయి ఉండొచ్చు, బదులు దారిలో పోయి ఉండొచ్చు, విని కూడా పలకకుండా ఉండొచ్చు. ఒక్క పింగ్ రాలేదని "సర్వర్ డౌన్" అని పెద్దవాళ్లకు మెయిల్ కొట్టకండి.

పింగ్ ఆఫ్ డెత్ అంటే?

1990ల రెండో సగంలో బయటపడ్డ లోపం. నియమం ప్రకారం ఒక ప్యాకెట్ 65,535 బైట్లు మించకూడదు. అంతకు మించిన పింగ్‌ను ముక్కలుగా పంపితే, అవతలి కంప్యూటర్ వాటిని కలపబోయి కుప్పకూలేది. అప్పట్లోనే సరిచేశారు. ఆ భయంతో ఆఫీసు లోపల కూడా పింగ్‌ను పూర్తిగా మూసేసేవాళ్లు ఇంకా ఉన్నారు. దానివల్ల రేపు ఏదైనా లోపం వెతకాల్సి వచ్చినప్పుడు చేతిలో పనిముట్టు లేకుండా పోతుంది.

మా అబ్బాయి ఆటలో "పింగ్ 200" అని గోల. 300 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉంది, ఇంకా ఏం కావాలి?

స్పీడు, పింగ్ రెండూ వేరువేరు విషయాలు. 300 ఎంబీపీఎస్ అంటే సెకనులో ఎంత సరుకు వస్తుందన్నది. పింగ్ అంటే ఒక చిన్న మాట పోయి రావడానికి ఎంతసేపు పడుతుందన్నది. సినిమా చూడడానికి మొదటిది కావాలి, ఆటకు రెండోది. అబ్బాయి తుపాకీ నొక్కిన సంగతి సర్వర్‌కు చేరి తిరిగి రావడానికి 200 మిల్లీసెకన్లు, అంటే సెకనులో అయిదో వంతు పడితే, ఎదుటివాడు అప్పటికే పక్కకు తప్పుకుని ఉంటాడు. వాడి గోలలో న్యాయం ఉంది.

దూరం అసలు కారణం. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాద్ నుంచి ముంబై తిన్నగా 600 కిలోమీటర్ల పైచిలుకు, పోయి రావడానికి కనీసం 6 మిల్లీసెకన్లు. సింగపూర్ 3,300 కిలోమీటర్ల దాకా ఉంటుంది, కనీసం 33. అమెరికా తూర్పు తీరం అయితే 130 పైమాటే, దాన్ని ఏ కంపెనీ, ఏ ప్లాన్ తగ్గించలేదు. కేబుళ్లు తిన్నగా ఉండవు, దారిలో రౌటర్లుంటాయి కాబట్టి నిజంగా కనిపించే అంకె దీనికంటే ఎక్కువే. అందుకే ముందు ఆట సెట్టింగుల్లో ఏ సర్వర్ ఎంచుకున్నాడో చూడండి. ముంబై సర్వర్ ఉంటే అదే పెట్టాలి. 2022 నవంబర్‌లో అమెజాన్ హైదరాబాద్‌లోనే క్లౌడ్ కేంద్రాలు తెరిచింది కాబట్టి, అక్కడి నుంచి నడిచే సేవలకు మనవాళ్లకు పింగ్ ఇంకా తక్కువ వస్తుంది.

రెండో కారణం ఇంట్లోనే దొరుకుతుంది. పెళ్లి వీడియోలన్నీ ఎవరో క్లౌడ్‌లోకి ఎక్కిస్తుంటారు. రౌటర్‌లో క్యూ పేరుకుపోతుంది, ఆట ప్యాకెట్ దాని వెనక నిలబడుతుంది. రాత్రి ఆట సమయంలో ఆ అప్‌లోడ్ ఆపి చూడండి. వైఫై బదులు కేబుల్ తగిలించండి. కుదరకపోతే 5 గిగాహెర్ట్‌జ్ వైఫైకి మార్చి రౌటర్ ఉన్న గదిలో ఆడించండి. ఇవేవీ చేయకుండా 500 ఎంబీపీఎస్ ప్లాన్‌కు డబ్బు కట్టడం దండగ.

ఆటలోనే ఇంకో పింగ్ ఉంది: మ్యాప్ మీద ఒకచోట గుర్తు పెట్టి జట్టువాళ్లకు "ఇక్కడ చూడు" అని చెప్పడం. "పింగ్ కొట్టరా" అని వాడు స్నేహితుడితో అంటే ఇంటర్నెట్ గురించి కాదు.

ఆఫీసులో "పింగ్ చేయండి" అంటే ఫోన్ చేయాలా, మెయిల్ పెట్టాలా?

చాట్‌లో ఒక చిన్న మెసేజ్ పెట్టమని. టీమ్స్, స్లాక్, వాట్సాప్, వాళ్లు ఏది వాడితే అది. ఫోన్ చేస్తే పని మధ్యలో ఆపినట్టు, మెయిల్ పెడితే లాంఛనంగా ఉన్నట్టు. పింగ్ ఆ రెంటికీ మధ్యది.

వట్టి "హాయ్ అన్నా" అని పెట్టి ఆగిపోకండి. నెట్‌వర్క్ పింగ్‌కు "ఉన్నా" అనే బదులు చాలు, మనుషులకు చాలదు. అవతలివాళ్లు "చెప్పు" అని రాసి, మీరు టైప్ చేసేదాకా తెర చూస్తూ కూర్చోవాలి. "అన్నా, నిన్నటి రిపోర్ట్‌లో మూడో షీట్ లెక్క సరిపోవడం లేదు. సాయంత్రం లోపు ఎప్పుడు వీలైతే అప్పుడు చూస్తారా?" అని ఒకేసారి రాయండి. పెద్దవాళ్లయితే "మేడమ్, వీలున్నప్పుడు చూడగలరు" అని చేర్చండి. ఇక బదులు రాలేదని పది నిమిషాలకోసారి ప్రశ్నార్థకాలు పంపడం మర్యాద కాదు. సర్వర్ గురించి పైన చెప్పింది మనుషులకూ వర్తిస్తుంది, వాళ్లు మీటింగ్‌లో ఉండొచ్చు, పిల్లను స్కూల్ నుంచి తేవడానికి వెళ్లి ఉండొచ్చు.

ఫోన్‌లో మెసేజ్ రాగానే వచ్చే టింగు కూడా పింగేనా?

ఇంగ్లీషులో అలాగే అంటారు. అది అచ్చంగా శబ్దం, ఫోన్ మీ నుంచి బదులు కోరడం లేదు.

ఎంహెచ్370 విమానం వార్తల్లో పింగ్ అని రెండు రకాలుగా రాశారు. ఏది ఏది?

చాలామంది తికమక పడ్డది ఇక్కడే, ఎందుకంటే రెండిటికీ ఒకే పేరు వాడారు.

2014 మార్చి 8న కౌలాలంపూర్ నుంచి బీజింగ్ బయల్దేరిన విమానం రాడార్ల నుంచి మాయమైంది. కానీ దానిలోని ఉపగ్రహ పరికరం మాత్రం కొన్ని గంటలపాటు పలుకుతూనే ఉంది. ఇన్మార్‌శాట్ అనే ఉపగ్రహ సంస్థ నేల కేంద్రం, గంటసేపు ఏ కబురూ లేకపోతే "ఉన్నావా?" అని తనంతట తాను అడుగుతుంది, విమానంలోని పరికరం మనిషి ప్రమేయం లేకుండా "ఉన్నా" అంటుంది. వార్తల్లో చెప్పిన మొదటి రకం పింగ్ ఇదే. బదులు రావడానికి పట్టిన కాలాన్ని బట్టి విమానం ఉపగ్రహానికి ఎంత దూరంలో ఉందో లెక్కకట్టి, భూగోళం మీద వంపు గీతలు గీశారు. తరంగం పౌనఃపున్యంలో వచ్చిన తేడాను బట్టి దక్షిణం వైపు వెళ్లిందని తేల్చారు. చివరి సంకేతం మలేషియా కాలమానం ప్రకారం ఉదయం 8:19కి వచ్చింది. హిందూ మహాసముద్రం దక్షిణ భాగంలో వెతకడానికి ఆధారం ఈ లెక్కలే.

రెండో రకం బ్లాక్ బాక్స్‌కు తగిలించిన చిన్న గొట్టం నుంచి వస్తుంది. నీళ్లు తగలగానే అది సెకనుకు ఒకసారి చొప్పున 37.5 కిలోహెర్ట్‌జ్ దగ్గర కూత పెడుతుంది. మన చెవికి వినపడదు, పరికరాలతో వినాలి. ఎవరూ అడగరు, అదే పిలుస్తూ ఉంటుంది. అప్పటి నిబంధన ప్రకారం బ్యాటరీ కనీసం 30 రోజులు రావాలి. ఏప్రిల్‌లో ఒక ఆస్ట్రేలియా ఓడకు కొన్ని శబ్దాలు వినిపించి ప్రపంచమంతా ఆశ పడింది. తర్వాత అడుగంతా వెతికినా అక్కడ విమానం లేదు, ఆ శబ్దాలు బ్లాక్ బాక్స్‌వి కావని తేలింది. విమానంలో 239 మంది ఉన్నారు. వాళ్ల కుటుంబాలు ఆ నెలంతా ఈ ఒక్క మాట కోసం టీవీల ముందు కూర్చున్నాయి. బ్యాటరీ 90 రోజులు ఉండాలనే నిబంధన తర్వాత అమల్లోకి వచ్చింది.

పోలీసులు ఫోన్‌ను పింగ్ చేశారంటారు. పోయిన ఫోన్‌ను అలా పట్టుకోవచ్చా?

స్విచ్ ఆన్‌లో ఉన్న ఫోన్ ఏ టవర్ పరిధిలో ఉందో నెట్‌వర్క్‌కు తెలుస్తుంది, కాల్ వచ్చినప్పుడు వెతకాలి కదా. దర్యాప్తులో పోలీసులు ఆ సమాచారం తీసుకుంటారు. నగరంలో టవర్లు దగ్గరగా ఉంటాయి కాబట్టి ప్రాంతం బాగానే తెలుస్తుంది, పల్లెల్లో ఆ పరిధి కిలోమీటర్ల మేర ఉంటుంది.

మీ ఫోన్ పోతే వెంటనే సిమ్ బ్లాక్ చేయించి, ఫిర్యాదు ఇచ్చి, సంచార్ సాథీ అనే ప్రభుత్వ పోర్టల్‌లో పోయిన ఫోన్ల నమోదుకు ఉన్న సీఈఐఆర్‌లో ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కూ ఉండే గుర్తింపు అంకె) నమోదు చేయండి. 2023లో తెలంగాణలో, ఆ తర్వాత దేశమంతా ఇది అందుబాటులోకి వచ్చింది. అది ఫోన్‌ను కూతపెట్టి వెతకదు. ఆ ఐఎంఈఐతో ఎవరైనా కొత్త సిమ్ వేస్తే నెట్‌వర్క్‌లో పట్టుబడుతుంది. అందుకు నంబరు మీ దగ్గర ఉండాలి. ఇప్పుడే స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ నొక్కి, వచ్చిన అంకెలు కాగితం మీద రాసి పెట్టుకోండి.

పింగ్ పాంగ్, టేబుల్ టెన్నిస్ ఒకటేనా?

ఆట ఒకటే. 19వ శతాబ్దం చివర్లో ఇంగ్లాండులో భోజనాల బల్ల మీద తోలు బిగించిన బ్యాట్లతో ఆడేవారు. బ్యాటుకు తగిలితే పింగ్, బల్లకు తగిలితే పాంగ్. జాక్స్ అనే ఆటవస్తువుల కంపెనీ 1901లో ఆ పేరును ట్రేడ్‌మార్క్ చేసుకుంది. దాంతో మిగతావాళ్లు టేబుల్ టెన్నిస్ అనాల్సి వచ్చింది, పోటీలకు ఆ పేరే నిలిచింది. 1971లో అమెరికా జట్టును చైనా ఆహ్వానించి, మరుసటి ఏడు నిక్సన్ పర్యటనకు దారి వేసింది. పింగ్ పాంగ్ దౌత్యం అన్నది అందుకే.

మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ 2022 బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల్లో శరత్ కమల్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచింది, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చివరి 16 దాకా వెళ్లింది. ఆడేవాళ్లను అడిగి చూడండి, బంతికి సన్నని పగులు వస్తే కంటికంటే ముందు చెవి పట్టేస్తుంది.

బైక్ ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ టిక్కుటిక్కుమంటోంది. దాన్నీ పింగింగ్ అంటారా?

అవును, మన మెకానిక్‌లు నాకింగ్ అంటారు. స్పార్క్ వెలిగించిన మంట చేరకముందే సిలిండర్‌లో మిగిలిన మిశ్రమం వేడికి, ఒత్తిడికి తనంతట తానే పేలుతుంది. ఆ దెబ్బకు లోహం మోగుతుంది. పెట్రోలు ఆక్టేన్ తక్కువైనా, లోపల మసి పేరుకున్నా, ఇంజిన్ బాగా వేడెక్కినా వస్తుంది. గేరు దించి ఎక్కండి. అయినా ఆగకపోతే చూపించండి, చాలాకాలం వదిలేస్తే పిస్టన్ దెబ్బతింటుంది.

ఇంకెక్కడైనా ఈ పేరు ఉందా?

గోల్ఫ్ కర్రల కంపెనీ ఒకటుంది. అమెరికాలో కార్స్టెన్ సోల్‌హైమ్ అనే ఇంజినీరు 1959లో తయారుచేసిన పట్టర్ (బంతిని గుంతలోకి నెట్టే కర్ర) బంతికి తగిలినప్పుడు వచ్చిన మోతనే పేరుగా పెట్టుకున్నాడు. ఆపిల్ 2010లో ఐట్యూన్స్ లోపల పింగ్ అనే సోషల్ నెట్‌వర్క్ తెచ్చి, ఎవరూ పెద్దగా వాడకపోవడంతో 2012లో మూసేసింది.